చెరువుకు గాలం పట్టుకెళ్లే ముందు జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చెరువులు నిండుతాయి. గాలం తీసే ముందు ఇవి చూసుకోండి.

– చాలా చెరువులు మత్స్యకార సంఘాల లీజులో ఉంటాయి. ముందు అడగండి. తిరుపతికి తాగునీళ్లిచ్చే కల్యాణి డ్యామ్ జోలికి మాత్రం వద్దు.

– తెల్లవారుజామున నీళ్లు చూడండి. రాత్రంతా నాచు, చేపలు కలిసి ఆక్సిజన్ వాడేస్తాయి కాబట్టి అప్పుడే అది బాగా తక్కువగా ఉంటుంది. బొచ్చె, రోహు పైకి తేలి నోరు తెరుస్తుంటే ఆ రోజుకు గాలం పక్కన పెట్టండి. కొర్రమీను పైకి రావడం మాత్రం మామూలే, అది గాలి కూడా పీల్చుకుంటుంది.

– నీటిపైన ఎర్రటి చిన్న చేపపిల్లల గుంపు ముద్దగా కదులుతోందా? అది కొర్రమీను సంతానం, కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. ఎర వేస్తే కోపంతో వెంటనే పట్టేస్తుంది. దాన్ని పట్టుకుంటే పిల్లలన్నీ మిగతా చేపల పాలే. అక్కడ గాలం వేయడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

– చలికాలంలో ఒంటిమీద ఎర్రటి పుండ్లున్న చేప దొరికితే తినకండి, వేరే చెరువులో వదలకండి. ఆ బూజు జబ్బు నీళ్లతో, చేపలతో పాకుతుంది. ఆ నీళ్లు తగిలిన వల, బకెట్ కడిగి బాగా ఎండబెట్టాకే ఇంకో చోట వాడండి.

– మొరవ (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) పారుతుంటే దగ్గరికి పోవద్దు. ఉరుము వినిపిస్తే కార్బన్ రాడ్ (గాలం కర్ర) కింద పెట్టేయండి.

– తెగిన గాలం తీగ జేబులో వేసుకోండి, వదిలేస్తే కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది.