సువార్త అందని జనాంగాలు – నాలుగో పాఠం: ఒక జనాంగాన్ని ఒక్క పేజీలో రాయడం

మూడో పాఠం చివర ఇచ్చిన పని చేశారా? ప్రపంచ పటం ముందు పెట్టుకుని, పశ్చిమ ఆఫ్రికా నుంచి తూర్పు ఆసియా దాకా, భూమధ్యరేఖకు ఉత్తరాన 10 నుంచి 40 డిగ్రీల అక్షాంశాల మధ్య పెన్సిలుతో ఒక దీర్ఘచతురస్రం గీయమన్నాను. 1990 ప్రాంతంలో లూయిస్ బుష్ అనే మిషన్ నాయకుడు ‘10/40 కిటికీ’ అని పేరు పెట్టింది దానికే. సువార్త అతి తక్కువగా అందిన జనాంగాల్లో ఎక్కువ భాగం ఆ గీతల లోపలే ఉన్నాయి. గీసినవారు పటాన్ని దగ్గర ఉంచుకోండి. గీయనివారు ఇప్పుడైనా గీయండి, ఐదు నిమిషాల పని.

పటం చూస్తే భారం కలుగుతుంది, నిజమే. వారం తిరిగేసరికి ఆ భారం ఆవిరైపోతుంది, అదీ నిజమే. దీర్ఘచతురస్రం కోసం ఎవరైనా ఎన్నాళ్లు మోకరించగలరు? అందుకే ఈ పాఠంలో ఆ గీతల లోపలి నుంచి ఒకే ఒక జనాంగాన్ని తీసుకుని, దాని గురించి ఒక పేజీ రాయడం నేర్చుకుందాం. ప్రార్థన కూడికలో చదవడానికీ, మిషనరీని పంపేముందు సంఘం కూర్చుని మాట్లాడుకోవడానికీ పనికివచ్చే పేజీ. రెండో పేజీకి వెళ్లకూడదు. వెళ్లిందంటే అనవసరమైనదేదో చేరిందని అర్థం.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. నేను మొదటిసారి ఇలాంటి పత్రాలు తయారుచేసినప్పుడు పశ్చిమ ఆఫ్రికా నుంచి రెండు జనాంగాలను ఎంచుకున్నాను. ఒక పత్రం మీద ‘ఫులానీ’ అనీ, ఇంకో పత్రం మీద ‘పెల్’ అనీ రాశాను. కొన్ని నెలలపాటు మా కూడికలో ఇద్దరి కోసమూ వేర్వేరుగా ప్రార్థించాం. ఆ ప్రాంతంలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి నవ్వారు. “దేవుడికి అర్థమయ్యే ఉంటుందిలే. మీకే అర్థం కాలేదు” అన్నారు. రెండూ ఒకే ప్రజల పేర్లు. హౌసా భాషవారు వారిని ఫులానీ అంటారు, ఫ్రెంచివారు పెల్ అంటారు. తమను తాము వారు ఫుల్బే అని చెప్పుకుంటారు. ఒక్క మనిషైతే పుల్లో.

కాబట్టి పేజీలో మొదటి గీత పేరు. ఇతరులు పెట్టిన పేరు కాదు, వారు తమను తాము పిలుచుకునే పేరు పైన రాయండి. మిగతా పేర్లు దాని కింద చిన్న అక్షరాల్లో. కొన్ని జనాంగాల విషయంలో బయటివారు పెట్టిన పేరు తిట్టుతో సమానం. ఆ పేరు పట్టుకుని దేవుని సన్నిధిలో వారిని పిలవడం ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఆలోచించండి.

అసలు ‘దేశం’ అనకుండా ‘జనాంగం’ అని ఎందుకంటున్నామన్నది రెండో పాఠంలో కొంత చూశాం. మత్తయి 28:19లో ‘సమస్త జనులను’ అన్నచోట గ్రీకు మాట ‘ఎత్నే’. పాస్‌పోర్టు ఇచ్చే ప్రభుత్వం ఆ మాట పరిధిలోకి రాదు. ఒకే భాష, ఒకే ఆచారం, ‘మనవాళ్లు’ అన్న ఒకే భావం ఉన్న ప్రజలు వస్తారు. 1974లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో జరిగిన ప్రపంచ సువార్త మహాసభలో అమెరికా మిషన్ పండితుడు రాల్ఫ్ వింటర్ ఈ సంగతినే గట్టిగా ముందుకు తెచ్చారు. దేశంలో సంఘం ఉన్నంత మాత్రాన ఆ దేశంలోని ప్రతి జనాంగానికీ సువార్త అందినట్టు కాదన్నది ఆయన వాదన. సంఘాలు కిక్కిరిసిన దేశంలోనే, గోడ అవతలి వీధిలో, క్రైస్తవ స్నేహితుడు ఒక్కరూ లేని ప్రజలు ఉండవచ్చు.

రెండో గీత సంఖ్య. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. ప్రపంచ జనాంగాల వివరాలు సేకరించే జాషువా ప్రాజెక్టు అనే సంస్థ లెక్కలో జనాంగాలు సుమారు 17,000 అనీ, అందులో సుమారు 7,000 సువార్త అందనివనీ చదువుతారు. ఆ లెక్క దేశాలవారీగా వేసినది. ఒకే ప్రజలు నాలుగు దేశాల్లో ఉంటే నాలుగుసార్లు లెక్కకు వస్తారు. సరిహద్దులు తీసేసి లెక్కిస్తే మొత్తం సుమారు 10,000కు దిగుతుంది. రెండు లెక్కలూ తప్పు కావు. ఏది వాడుతున్నారో చెప్పకుండా వాడటమే తప్పు. ‘సువార్త అందని’ అన్న మాటకూ అక్కడ కొలత ఉంది. సువార్త విశ్వాసులు (ఇవాంజెలికల్ క్రైస్తవులు) 2 శాతానికి మించకూడదు, అన్ని రకాల క్రైస్తవులూ కలిపి 5 శాతానికి మించకూడదు. అంటే ఒక్క విశ్వాసి కూడా లేడని అర్థం కాదు. బయటి సహాయం లేకుండా తమవారికి తామే సువార్త చెప్పుకోగలిగినంత సంఘం ఇంకా లేదని అర్థం. మైకు ముందు ఊపులో ‘యేసు పేరే వినని’ అనేస్తాం. అది వేరే మాట, చాలాసార్లు నిజం కూడా కాదు. ముస్లిం జనాంగాలకు యేసు పేరు కొత్త కాదు, వారి గ్రంథంలోనే ఆ పేరు ఉంది.

ఈ అంకెల పనికి మనకు మంచి గురువు ఒకరున్నారు. తరువాత మిషనరీగా బెంగాలుకు వచ్చిన విలియం కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టుకుని బతుకుతున్న రోజుల్లో, కాగితాలు అతికించి పెద్ద పటం చేసి, తాను పనిచేసే చోట గోడకు తగిలించుకున్నారు. ఒక్కో దేశం మీద అక్కడి జనాభా, మతం, తాను చదివి తెలుసుకున్న సంగతులు రాసుకున్నారు. 1792లో అచ్చువేసిన చిన్న పుస్తకంలో ఆ సమాచారాన్ని పట్టికలుగా పెట్టారు. ప్రపంచ జనాభా 73 కోట్ల 10 లక్షలని అంచనా కట్టారు. ఈ రోజు చూస్తే ఆ గడుల్లో చాలా పొరపాట్లు కనిపిస్తాయి. కానీ ఏ దేశానికి ఎంత అనుకున్నారో గడి గడిలో కనబడుతుంది, ఎవరైనా దిద్దవచ్చు. మీ పేజీలో అంకె కూడా అలా ఉండాలి. ఫుల్బే విషయంలో ‘రెండున్నర కోట్ల నుంచి నాలుగు కోట్ల దాకా అని అంచనాలు’ అని రాయండి. గుండ్రంగా ‘నాలుగు కోట్లు’ అని రాస్తే వినడానికి బాగుంటుంది, అంతే.

భాష గీతలోనూ ఇలాంటి గుంట ఒకటుంది. ప్రపంచంలో 7,000కు పైగా భాషలు ఉంటే, పూర్తి బైబిలు ఉన్నవి 700 పైచిలుకు. మీరు ఎంచుకున్న జనాంగం భాషలో బైబిలు ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్నే, అక్కడితో ఆగిపోకండి. ఫుల్బేల భాష సెనెగల్‌లో పులార్, నైజీరియా, కామెరూన్ వైపు ఫుల్ఫుల్దే. ఒక కొసనున్నవారి మాట ఇంకో కొసనున్నవారికి సరిగా అందదు. ‘బైబిలు ఉంది’ అన్నప్పుడు ఏ కొసన ఉంది? ఉన్నా చదివేవారెంతమంది? మందల వెంట నడిచే కాపరికి అచ్చు పుస్తకంకన్నా చెవికి చేరే మాట దగ్గర. అలాంటిచోట రేడియో, ఆడియో రికార్డింగులు, వరుసగా చెప్పే బైబిలు కథలు పనిచేస్తాయి. అబ్రాహాము, లోతు పశువుల కాపరుల మధ్య కలహం, ఇస్సాకు తవ్వించిన బావుల దగ్గర తగవు మనం పేజీలు తిప్పేసే భాగాలు. కాపరికి అవి తన ఇంటి సంగతులు.

ఆ తరువాత నాలుగైదు వాక్యాలు వారి బతుకు గురించి. ఇది పేజీకి ప్రాణం, ఇక్కడ పిసినారితనం వద్దు. మొదటిసారి నేను రాసిన వాక్యం ఇది: ‘ఫులానీలు చీకటిలో మగ్గుతున్న సంచార జాతి.’ ఇందులో సమాచారం లేదు, చూపు లేదు. పైగా సగం అబద్ధం. ఫుల్బేల్లో పట్టణాల్లో స్థిరపడినవారు, వ్యాపారులు, మతపండితులు ఎందరో. 1804లో మొదలైన ఉద్యమంతో నేటి నైజీరియా ఉత్తరాన సొకోతో రాజ్యానికి పునాది వేసిన ఉస్మాన్ డాన్ ఫోడియో పేరున్న ఇస్లాం పండితుడు, ఫులానీయే. తిరగరాసినప్పుడు ఇలా వచ్చింది: ‘మందలతో తిరిగే కుటుంబాల్లో పొద్దు పొడిచేవేళ దూడలను కట్టిన తాడు దగ్గర రోజు మొదలవుతుంది. స్త్రీలు సొరకాయ బుర్రల్లో పాలు పోసుకుని సంతకు వెళతారు. వానలను బట్టి మంద కదులుతుంది, మందను బట్టి ఇల్లు కదులుతుంది. మనిషికి ఉండవలసిన నడతను పులాకు అంటారు. ఓర్పు, సిగ్గు, వివేకం అందులో ముఖ్యం.’ రెండూ చదివి చూడండి. రెండోది విన్నవారికి ప్రార్థించడానికి ఏదో ఒకటి చేతికి తగులుతుంది. ఇల్లు కదిలేవారి మధ్య కట్టడమే సంఘమనుకుంటే కుదరదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఓర్పునూ సిగ్గునూ అంత గౌరవించేవారి ముందు గొంతు చించుకుని గంటసేపు ప్రసంగిస్తే ఏమవుతుందో కూడా.

గాయం గురించి ఒక గీత తప్పక రాయండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. నైజీరియా మధ్య ప్రాంతంలో పచ్చిక, నీళ్లు, పంటచేల దగ్గర కాపరులకూ రైతులకూ మధ్య తగవులు హత్యలదాకా వెళ్లాయి. ఊళ్లు తగలబడ్డాయి. రెండువైపులా మనుషులు పోయారు. ఆ రైతుల్లో క్రైస్తవులు ఎక్కువ. అంటే ఫుల్బేలకు భౌగోళికంగా అతి దగ్గరగా ఉన్న సంఘమే, తన చనిపోయినవారిని తలచుకుంటూ, వారికోసం ప్రార్థించవలసిన సంఘం. ‘పనివారిని పంపుము’ అని దూరాన కూర్చుని అడగడం మనకు తేలిక. వారికి కాదు. ఇది పేజీలో లేకపోతే మన ప్రార్థన గాలిలో మేడ.

ప్రార్థన అంశాలు మూడుకు మించవద్దు. కొలతలూ గడువులూ పెట్టవద్దు. ‘ఈ ఏడు వెయ్యిమంది’ లాంటివి అసలే వద్దు. కేరీ 1793లో బెంగాలు చేరారు. ఆయన పనిలో మొదటి హిందూ విశ్వాసి, కృష్ణపాల్ అనే వడ్రంగి, బాప్తిస్మం తీసుకున్నది 1800 డిసెంబరు చివర. మధ్యలో ఏడేళ్లు. ఇక ఆ జనాంగంలోని విశ్వాసుల పేర్లు, వారుండే ఊరు, ఫొటోలు మీకు తెలిసినా పేజీలో పెట్టవద్దు. కాగితం ఎవరి చేతికి వెళుతుందో మన చేతిలో ఉండదు. మనకు సాక్ష్యం, అక్కడ ఒకరి ప్రాణం.

రాసిన పేజీకి ఒక పరీక్ష ఉంది. ఆ జనాంగానికి చెందిన మనిషి మీ పక్క కుర్చీలో కూర్చున్నాడనుకుని పైకి చదవండి. ఎక్కడ గొంతు తగ్గిందో అక్కడ దిద్దండి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో భారతీయ సంఘ నాయకుడు వి.ఎస్. అజరయ్య పాశ్చాత్య మిషనరీల ముఖం మీదే ఒక మాట అన్నారు. మీ వస్తువులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అన్నది దాని సారాంశం. ఆ సభలో కొందరు నొచ్చుకున్నారు. జాలి ఒలకబోసి రాసిన పేజీ వింటే పక్క కుర్చీలోని మనిషి కూడా అదే అడుగుతాడు.

ఈ వారం అభ్యాసం. మీ దీర్ఘచతురస్రంలో నుంచి ఒక జనాంగాన్ని ఎంచుకోండి. ఫుల్బేలు వద్దు, వారి పని సగం నేనే చేసేశాను. పేజీ పూర్తిచేసి, ఈ విషయాల మీద అంతగా ఆసక్తి లేని ఒకరికి చదివి వినిపించండి. మర్నాడు కాగితం చూపించకుండా, ‘ఆ ప్రజల గురించి ఏం గుర్తుంది?’ అని అడగండి. అంకె ఒక్కటే గుర్తుందంటే బతుకు గురించిన భాగం మళ్లీ రాయాలి. ఏమీ గుర్తులేదంటే మొత్తం మళ్లీ రాయాలి. నాకు మూడుసార్లు పట్టింది.

పేజీ వెనుకవైపు ఖాళీగా ఉంచండి. ఐదో పాఠంలో దానితో పని ఉంది.