జనం లేని కొండ కావాలంటే బెన్ స్టాక్

స్కాట్లాండ్ హైలాండ్స్‌కి వెళ్తే అందరూ 3,000 అడుగులు దాటిన, మన్రోలని పిలిచే కొండల వెంటే పడతారు. సదర్లాండ్‌లోని బెన్ స్టాక్ ఎత్తు సుమారు 720 మీటర్లే (దాదాపు 2,360 అడుగులు), అందుకే రద్దీ తక్కువ. పైనుంచి ఆర్కిల్, ఫోయినావెన్ కొండల తెల్లటి క్వార్ట్‌జైట్ రాతి వాలులు ఎదురుగా కనిపిస్తాయి. ఆ దృశ్యం కోసమే ఎక్కొచ్చు!

ఏ838 రోడ్డు నుంచి మొదలుపెట్టి వాయవ్య గట్టు మీదుగా ఎక్కండి. కింద నేల చిత్తడి, పైన నిటారు, కాబట్టి పట్టున్న బూట్లు తప్పనిసరి. శిఖరం సన్నగా ఉంటుంది, ఈదురుగాలి రోజున వద్దు. ఒంటివరుస రోడ్డు కదా, ఎదురు బండికి దారిచ్చే చోట కారు ఆపకండి. వేసవిలో మిడ్జ్ అనే చిన్న కుట్టే పురుగులకు ముఖానికి వల తీసుకెళ్లండి. కాగితం మ్యాపు, దిక్సూచి మరవద్దు.