మెటల్ వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఒక బ్యాండ్‌తో ఉండిపోవడం

హెవీ మెటల్ అనే హోరెత్తే రాక్ సంగీతం కోసం గత మూడు పాఠాల్లో చెవిని సిద్ధం చేసుకున్నాం. డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని కావాలనే గరుకుగా మార్చడం) హోరులో గిటార్ స్వరాన్ని వెతికి పట్టుకోవడం, రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) ఎక్కడ మొదలై ఎక్కడికి తిరిగొస్తుందో లెక్కపెట్టడం, రెండు కాళ్లతో వాయించే డబుల్ బేస్ డ్రమ్ముల దడని విడిగా వినడం ఈపాటికి మీకు అలవాటై ఉండాలి. ఇంకా కాకపోతే రెండో పాఠం మళ్లీ ఒకసారి చేయండి, తొందరేమీ లేదు.

ఇప్పటిదాకా విడివిడి పాటలే విన్నాం. ఈ వారం నుంచి బ్యాండ్ దగ్గరికి వెళ్దాం. మెటల్ అసలు రుచి ఒక బ్యాండ్‌తో ఏళ్ల తరబడి నడిచినప్పుడే తెలుస్తుందని నా గట్టి నమ్మకం. అదే నలుగురైదుగురు మనుషులు ఇరవై ఏళ్ల వయసులో ఎలా వాయించారు, యాభైల్లో ఎలా వాయిస్తున్నారు, మధ్యలో ఎవరు వెళ్లిపోయారు, ఎవరు తిరిగొచ్చారు అన్నది తెలిసిన చెవికి పాత పాట కూడా కొత్తగా వినబడుతుంది. ఈ ఓపిక సాధనతో వస్తుంది. అందుకే దీన్ని పాఠంగా పెట్టాను.

మీకు ఎవరిచ్చారు?

బెంగళూరులో ఉన్న మన తెలుగు మెటల్ అభిమానుల్ని మొదటి బ్యాండ్ ఎలా దొరికిందని అడిగి చూడండి. దాదాపు ప్రతి జవాబులోనూ ఒక మనిషి ఉంటారు. ఇంజనీరింగ్ హాస్టల్లో హార్డ్ డిస్క్ చేతిలో పెట్టిన సీనియర్, మారతహళ్లి పీజీలో పక్క మంచం అన్న, ఆఫీసు బస్సులో తన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి “తమ్ముడూ, ఈ ఒక్కటి విను, నచ్చకపోతే ఇంకెప్పుడూ అడగను” అన్న కడప కుర్రాడు.

ఈ సంగీతం మొదటి నుంచీ ఇలాగే చేతులు మారుతూ పెరిగింది. 1980ల మొదట్లో అమెరికాలో రేడియో స్టేషన్లు దీన్ని దగ్గరికి రానిచ్చేవి కావు. అక్కడి బ్యాండ్ మెటాలికా 1982లో ఏడు పాటలతో ఒక డెమో (నమూనా) క్యాసెట్ చేసుకుంది. అభిమానులు దాన్ని ఇంట్లోనే కాపీలు తీసి, పోస్టులో ఒకరికొకరు పంపుకున్నారు. అలా తిరిగి తిరిగి అది కాలిఫోర్నియా నుంచి దేశం అవతలి కొసన న్యూజెర్సీలో రికార్డుల దుకాణం నడిపే జాన్ జజులా చేతికి చేరింది. ఆయన బ్యాండ్‌ని పిలిపించి, వాళ్ల ఆల్బమ్ కోసమే మెగాఫోర్స్ అనే సొంత కంపెనీ పెట్టాడు. 1983లో మొదటి ఆల్బమ్ ‘కిల్ ఎమ్ ఆల్’ వచ్చింది. కంపెనీ కంటే ముందు అభిమాని ఉన్నాడన్నమాట. ‘ఈ బ్యాండ్ మనది’ అని మెటల్ అభిమాని అంత గట్టిగా అనడానికి మూలం ఇక్కడే ఉంది. దాన్ని ఊరూరా చేర్చింది వాళ్లే కదా.

బెంగళూరుకి వేరే దారులు కూడా ఉండేవి. రెస్ట్ హౌస్ రోడ్డులో పెకోస్ లాంటి పబ్బుల్లో రాక్ పాటలు, బ్రిగేడ్ రోడ్డు చుట్టుపక్కల క్యాసెట్ షాపులు, నేషనల్ లా స్కూల్ విద్యార్థులు నడిపే స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ బ్యాండ్ల పోటీ. చెన్నైలో ఐఐటీ మద్రాస్ వాళ్ల సారంగ్ ఉత్సవానికి 2009లో స్వీడన్ నుంచి ఓపెత్ అనే మెటల్ బ్యాండ్ వచ్చి వాయించింది. కాలేజీ ఉత్సవానికి స్నేహితుల వెంట ఊరికే వెళ్లి, అభిమానిగా తిరిగొచ్చినవాళ్లు ఎందరో.

ఇప్పుడు ఆ పని ఫోన్‌లో యాప్ చేస్తోంది. దానితో నాకు పేచీ లేదు. కానీ పాట చేతికిచ్చే మనిషి పాటతో పాటు ఇంకోటి కూడా ఇస్తాడు. “రెండో నిమిషం దాకా ఆగు, అక్కడ మారుతుంది చూడు” అంటాడు. ఆ ఒక్క మాటతో మీరు ఎదురుచూడటం మొదలుపెడతారు. యాప్ మాత్రం మీరు విసుక్కునేలోపు తర్వాతి పాటకి తీసుకెళ్తుంది.

కాబట్టి యాప్‌లో ఏదైనా పాట మిమ్మల్ని ఆపితే అక్కడే ఉండండి. అది ఏ ఆల్బమ్‌లోది, ఏ సంవత్సరం, అప్పుడు బ్యాండ్‌లో ఎవరెవరున్నారు అని వెతికి నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత ఆ బ్యాండ్ తెలిసిన మనిషిని ఒకరిని పట్టుకోండి. బెంగళూరులో ఇది పెద్ద కష్టం కాదు. బ్యాండ్ పేరున్న నల్ల టీషర్ట్ వేసుకున్నవాళ్లు మెట్రోలో కనిపిస్తే ధైర్యంగా పలకరించండి. ఆ టీషర్ట్ వేసుకునేదే ఎవరైనా అడుగుతారని.

ఆల్బమ్ మొత్తం, వరసలో

ఈ పాఠంలో ముఖ్యమైన సాధన ఇది. ఒక బ్యాండ్, ఒక ఆల్బమ్, మొదటి పాట నుంచి చివరి పాట దాకా, వరస మార్చకుండా, మధ్యలో దాటేయకుండా వినాలి. సిల్క్ బోర్డ్ నుంచి మారతహళ్లికి సాయంత్రం పూట బీఎంటీసీ బస్సు ఎక్కితే ఒక ఆల్బమ్ అయిపోయేంత సమయం తేలిగ్గా దొరుకుతుంది. స్లేయర్ 1986 ఆల్బమ్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’లో పది పాటలున్నా మొత్తం అరగంట కూడా ఉండదు. అదే ఏడాది వచ్చిన మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ ఎనిమిది పాటలే, కానీ దాదాపు 55 నిమిషాలు. ట్రాఫిక్‌ని చూసి ఎంచుకోండి.

మొదటి బ్యాండ్‌గా నేను ఐరన్ మెయిడెన్‌ని సూచిస్తాను. దీని మీద వాదించేవాళ్లు చాలామంది ఉంటారు, ఉండనివ్వండి. కొత్త చెవికి ఈ బ్యాండ్ చేసే సాయం ఇంకెవరూ చేయరు. 1975లో లండన్‌లో బ్యాండ్ పెట్టిన స్టీవ్ హారిస్ బేస్ గిటార్, అంటే లోతైన కింది స్వరాలు పలికే గిటార్ వాయిస్తాడు. మిగతా చాలా బ్యాండ్లలో ఈ బేస్ శబ్దం మామూలు గిటార్ల హోరు కింద మునిగిపోతుంది. ఇక్కడ అది ముందుకొచ్చి, గుర్రం దౌడులా పాటని లాక్కెళ్తుంది. గాయకుడు బ్రూస్ డికిన్సన్ పలికే ప్రతి మాటా స్పష్టంగా వినబడుతుంది.

1982లో వచ్చిన ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ తీసుకోండి. మొదటిసారి వినేటప్పుడు ఏమీ వెతకొద్దు. రెండోసారి బేస్ వెంటే వెళ్లండి, పాట ఎటు పోయినా సరే. మూడోసారి సాహిత్యం ముందు పెట్టుకుని చదువుతూ వినండి. చివరి పాట ‘హాలోడ్ బి దై నేమ్’ ఏడు నిమిషాలు. గంట మోతతో మొదలవుతుంది. ఉరికంబం ఎక్కబోతున్న ఖైదీ తన ఆఖరి ఘడియల్లో ఏం ఆలోచిస్తున్నాడో అదే పాట. మొదట నెమ్మదిగా, దాదాపు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు పాడతాడు. కాపలావాళ్లు వచ్చి తీసుకెళ్తుంటే సంగీతం వేగం అందుకుంటుంది. చివర్లో మాటలు తగ్గి గిటార్లే నడిపిస్తాయి. ముందున్న ఏడు పాటలు విన్నాక దీని దగ్గరికి వస్తే కలిగే బరువు, దీన్ని ఒక్కదాన్నే విడిగా పెట్టుకుంటే రాదు. ఆల్బమ్ వరసలో వినమని పట్టుబట్టేది ఇందుకే.

గ్రౌల్ చేసే, అంటే గుర్రుమనే గొంతుతో పాడే బ్యాండ్ల సంగతి ఐదారు పాఠాల తర్వాత చూద్దాం. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్తాను. ఆ గొంతులో మాటలు అర్థం కావడం లేదని కంగారుపడకండి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా సాహిత్యం చదువుకునే వింటారు.

మంచి రోజులు, చెడ్డ రోజులు

మొదటి ఆల్బమ్ నచ్చడం సులువే. బ్యాండ్ మారిపోయినప్పుడు ఏం చేస్తారన్నదే అసలు పరీక్ష, మారని బ్యాండ్ లేదు.

ఐరన్ మెయిడెన్ కథనే చూడండి. మొదటి రెండు ఆల్బమ్‌లు పాడింది పాల్ డియానో. 1981లో బ్రూస్ వచ్చాడు, 1993లో వెళ్లిపోయాడు. ఆయన చోట బ్లేజ్ బేలీ 1995లో ఒకటి, 1998లో ఒకటి, రెండు ఆల్బమ్‌లు పాడాడు. హాళ్లు చిన్నవయ్యాయి, అమ్మకాలు పడిపోయాయి. 1999లో బ్రూస్‌తో పాటు పాత గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ కూడా తిరిగొచ్చాడు. ఏడ్రియన్ చోట చేరిన గిటారిస్టుని పంపేయకుండా ముగ్గురు గిటారిస్టులతోనే ముందుకెళ్లి, 2000లో ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ ఇచ్చారు. 1998లో ఇక చాల్లే అనుకుని వదిలేసినవాళ్లకి ఆ ఆల్బమ్ మరో మంచి ఆల్బమ్, అంతే. ఆ చెడ్డ రోజుల్లో కూడా టికెట్ కొన్నవాళ్లకి అది చాలా పెద్ద సంగతి. మీరు బ్లేజ్ కాలం పాటలు కూడా వినాలి. ‘సైన్ ఆఫ్ ది క్రాస్’తో మొదలుపెట్టండి. బ్రూస్ తిరిగొచ్చాక ఆ పాటని స్టేజీ మీద తనూ పాడాడు. రెండు గొంతుల్లోనూ విని పోల్చుకోండి.

జూడస్ ప్రీస్ట్‌ది ఇంకా విచిత్రం. గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ 1992లో వెళ్లిపోయాక, వాళ్లు 1996లో తీసుకున్న గాయకుడు టిమ్ ఓవెన్స్ అంతకుముందు జూడస్ ప్రీస్ట్ పాటలే పాడే ఒక చిన్న బ్యాండ్‌లో ఉండేవాడు. తను ఆరాధించిన బ్యాండ్‌కే గాయకుడై రెండు ఆల్బమ్‌లు పాడాడు. 2003లో హాల్ఫర్డ్ తిరిగి రాగానే పక్కకి తప్పుకున్నాడు. అభిమానం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

మెటాలికా 2003 ఆల్బమ్ ‘సెయింట్ యాంగర్’ గురించి అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటారు. స్నేర్ అనే చిన్న డ్రమ్ కింద ఉండే తీగల్ని వదులు చేసేసి వాయించడం వల్ల అది డబ్బా మీద కొట్టినట్టు మోగుతుంది. ఒక్క పాటలోనూ గిటార్ సోలో (గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే భాగం) లేదు. నాకూ ఆ ఆల్బమ్ నచ్చదు, పైకే చెప్తాను. కానీ అది విన్నవాళ్లకే 2008లో ‘డెత్ మాగ్నెటిక్’లో సోలోలు తిరిగొచ్చినప్పుడు ఆ ఆనందం ఏంటో తెలుస్తుంది.

మన సినిమా అభిమానానికీ దీనికీ తేడా ఇక్కడే కనబడుతుంది. హీరో సినిమా బాగాలేదని అవతలి హీరో అభిమానుల ముందు ఒప్పుకోవడం మనవాళ్లకి ప్రాణసంకటం. మెటల్ అభిమాని మాత్రం తన బ్యాండ్‌ని అందరికంటే ముందు తనే తిడతాడు, పాట పేరు పెట్టి, నిమిషం చెప్పి మరీ తిడతాడు. తర్వాతి ఆల్బమ్ వచ్చిన రోజు మొదట వినేదీ తనే. ఆ తిట్టే హక్కు పూర్తిగా విన్నవాళ్లదే. అందుకని మీ సాధనలో ఒక నియమం పెడుతున్నాను: ఏ ఆల్బమ్‌నైనా కనీసం మూడుసార్లు మొత్తం వినకుండా బాగాలేదని అనకూడదు.

ప్యాలెస్ గ్రౌండ్స్ నుంచి మన వీధి దాకా

2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. అంత పెద్ద హెవీ మెటల్ బ్యాండ్ తన పేరు మీద మన దేశంలో కచేరీ చేయడం అప్పటిదాకా లేదు. దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. ముందు వాయించినవాళ్లలో ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ కూడా ఉంది. తర్వాత ఇదే ఊరికి మెగాడెత్, లాంబ్ ఆఫ్ గాడ్ వచ్చాయి. 2011 అక్టోబర్ 30న మెటాలికా వచ్చింది. దానికి రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో జరగాల్సిన వాళ్ల కచేరీ రద్దవడంతో, ఎన్నో ఏళ్ల ఎదురుచూపు బెంగళూరులోనే తీరింది.

ఐరన్ మెయిడెన్ ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’ మొదలవగానే జనం గిటార్ రాగాన్నే నోటితో ఎత్తుకుంటారు, మాటల్లేకుండా. 2001లో రియోలో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్‌లో ఆ గొంతులు స్పష్టంగా వినబడతాయి. ఈ వారం అది వినండి. ఇంట్లో ఒంటరిగా విన్న రాగం వేలమందికి నోటికొచ్చని తెలిసిన క్షణం నుంచి మనిషి ఆ బ్యాండ్‌ని వదలడు. నేను చూసినంతలో ఇది తప్పలేదు.

పెద్ద బ్యాండ్ వచ్చేదాకా కూర్చోవాల్సిన పని లేదు. క్రిప్టోస్ అనే బ్యాండ్ 1998 నుంచి ఇదే ఊళ్లో ఉంది. 2004లో మొదటి ఆల్బమ్ తెచ్చింది, తర్వాత జర్మన్ కంపెనీ ఏఎఫ్ఎమ్ ద్వారా ఆల్బమ్‌లు విడుదల చేసింది, జర్మనీలో జరిగే వాకెన్ ఓపెన్ ఎయిర్ మెటల్ ఉత్సవంలోనూ వాయించింది. పాత కాలపు జంట గిటార్ల పద్ధతి ఇష్టమైతే వాళ్ల 2016 ఆల్బమ్ ‘బర్న్ అప్ ది నైట్’తో మొదలుపెట్టండి. డూమ్ అనే నెమ్మదైన, బరువైన మెటల్ కావాలంటే బెవర్ సీ అనే బ్యాండ్ ఉంది. 2012లో మొదలైన బెంగళూరు ఓపెన్ ఎయిర్ ఉత్సవంలో విదేశీ బ్యాండ్ల పక్కనే మన బ్యాండ్లనీ వినొచ్చు.

గిగ్‌కి (చిన్న కచేరీకి) వెళ్తే మొదటి బ్యాండ్ ఎక్కేలోపే లోపల ఉండండి. రేపు మీరు ఏళ్ల తరబడి వెంట నడిచే బ్యాండ్ ఆ ఖాళీ హాల్లోనే దొరకొచ్చు. ఇయర్‌ప్లగ్స్ తప్పకుండా పెట్టుకోండి. కచేరీల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. స్పీకర్ల ముందు అది దాటడం మామూలే, పోయిన వినికిడి తిరిగి రాదు. మోష్ పిట్‌లో (స్టేజీ ముందు జనం ఒకరినొకరు తోసుకుంటూ గంతులేసే చోట) ఎవరైనా పడిపోతే వెంటనే లేపడం అందరూ పాటించే కట్టుబాటు. బయటికొచ్చేటప్పుడు టీషర్టో సీడీయో ఒకటి కొనండి. స్ట్రీమింగ్‌లో చిన్న బ్యాండ్‌కి దక్కేది చాలా తక్కువ, ఆ టీషర్ట్ డబ్బు తర్వాతి రికార్డింగ్‌కి పనికొస్తుంది.

ఈ వారం అభ్యాసం

ఒక బ్యాండ్‌ని ఎంచుకుని వాళ్ల మొదటి ఆల్బమ్, అందరూ మెచ్చుకునేది, అందరూ తిట్టేది, ఈ మూడూ వినండి. తిట్టే ఆల్బమ్‌లో మీకు నచ్చిన ఒక పాటని, మెచ్చే ఆల్బమ్‌లో నచ్చని ఒక పాటని వెతికి, కారణం రెండేసి వాక్యాల్లో రాయండి. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అన్న మాటలు వాడకుండా రాయాలి. తర్వాత మెటల్ ఎప్పుడూ వినని ఒకరికి ఒకే ఒక పాట ఇచ్చి, ఎక్కడిదాకా ఆగి వినాలో చెప్పండి.

వచ్చే పాఠం బేస్ గిటార్ మీద. స్టీవ్ హారిస్‌ని, మెటాలికా మొదటి మూడు ఆల్బమ్‌లలో వాయించిన క్లిఫ్ బర్టన్‌ని పక్కపక్కన పెట్టి వింటాం. ఫోన్ స్పీకర్లో బేస్ వినబడదు, మామూలు వైరు ఇయర్‌ఫోన్లయినా సరే దగ్గర పెట్టుకోండి.