ఓటరు కార్డు ఉంది సరే, జాబితాలో పేరుందా?

2018 డిసెంబరు 7, తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల రోజు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల ఓటేద్దామనుకుంటే జాబితాలో పేరు లేదు. ముందే ఆన్‌లైన్‌లో చూసుకున్నా పేరు మాయమైందని ఆవిడ ట్విటర్‌లో వాపోయారు. ఆ రోజు అలా ఉత్త చేతుల్తో వెనక్కొచ్చినవాళ్లు చాలామందే. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

బీరువాలో ఓటరు కార్డు ఉంది కదా అన్న ధీమా పనికిరాదు. కార్డు మీరెవరో చెబుతుంది, అంతే. ఓటుందో లేదో తేల్చేది జాబితా. అందులో పేరుంటే కార్డు పోయినా ఫర్వాలేదు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటిది ఏదైనా చూపించి ఓటేయొచ్చు. ఇంటికి తెచ్చిచ్చే ఓటరు స్లిప్పును మాత్రం నమ్ముకోకండి, 2019 నుంచి అది గుర్తింపు కింద చెల్లడం లేదు.

1. ముందు పేరు వెతకండి

ఎన్నికల సంఘం వెబ్‌సైట్ వోటర్స్ డాట్ ఈసీఐ డాట్ జీవోవీ డాట్ ఇన్ తెరిచి, జాబితాలో పేరు వెతికే చోటికి వెళ్లండి. కార్డు నంబరుతో గానీ, వివరాలతో గానీ, మొబైల్ నంబరుతో గానీ వెతకొచ్చు. నంబరుతో అయితే తేలిక: మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఏడు అంకెలు. ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన పాత కార్డుల మీద 'ఏపీ' అని మొదలయ్యే పొడుగాటి నంబరు ఉంటుంది. దాంతో దొరక్కపోతే ఓటు పోయిందని కంగారు పడకుండా పేరుతో ప్రయత్నించండి.

పేరుతో వెతకడంలోనే ఉంది తంటా అంతా. మన ఇంటిపేరు ఒకసారి ముందుంటుంది, ఒకసారి వెనక్కి పోతుంది, ఒక్కోసారి పొడి అక్షరమై మిగులుతుంది. లక్ష్మిని ఇంగ్లిష్‌లో ఒకరు 'కేఎస్‌హెచ్' పెట్టి రాస్తే ఇంకొకరు 'ఎక్స్' పెట్టి రాస్తారు. పెళ్లయిన ఆడవాళ్ల పేరు పక్కన తండ్రి పేరుండొచ్చు, భర్త పేరుండొచ్చు. అన్ని రకాలుగానూ కొట్టి చూశాకే లేదనుకోండి. నెట్ గొడవ మనకెందుకనుకుంటే 1950కి ఫోన్ చేయండి, లేదా మీ బూత్ స్థాయి అధికారిని, అదే బీఎల్‌వోను అడగండి. చాలా ఊళ్లలో అంగన్‌వాడీ టీచరో, బడి పంతులో ఆ పని చూస్తుంటారు.

2. పేరు దొరికినా ఆగకండి, జాబితా తెరవండి

వెతికినప్పుడు పార్ట్ నంబరు (మీ పోలింగ్ కేంద్రం జాబితాకు ఇచ్చిన సంఖ్య), అందులో మీ వరుస సంఖ్య కనిపిస్తాయి. రాసిపెట్టుకోండి. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్‌లో మీ నియోజకవర్గం, పార్ట్ నంబరు ఎంచుకుంటే ఆ పోలింగ్ కేంద్రం జాబితా మొత్తం పీడీఎఫ్‌గా దిగుతుంది. ఒక్కో ఓటరుకు ఒక్కో చిన్న పెట్టె: పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు. పెట్టె మీద అడ్డంగా 'డిలీటెడ్' అని ముద్ర ఉంటే ఆ ఓటు తీసేసినట్టు. ఎందుకు తీశారో ఒక ఇంగ్లిష్ అక్షరం చెబుతుంది: 'ఈ' అంటే చనిపోయారని, 'ఎస్' అంటే ఇల్లు మారారని, 'ఆర్' అంటే పేరు రెండుసార్లు ఉందని, 'ఎం' అంటే మనిషి జాడ లేదని.

మా ఊరి జాబితా అలా తెరిచి చూస్తే, పోయి మూడేళ్లయిన మా పెద్దమ్మ ఓటు భద్రంగా ఉంది. నిక్షేపంలా ఉన్న మా బాబాయి పెట్టె మీద 'ఎస్' పడింది. ఇంటింటి సర్వే జరిగిన రోజుల్లో ఆయన కూతురు కాన్పుకని రెండు నెలలు హైదరాబాద్‌లో ఉన్నాడు. తాళం చూసి ఇల్లు మారారని రాసుకున్నట్టున్నారు.

ప్రత్యేక సమగ్ర సవరణ, అంటే ఇంటింటికీ ఫారాలిచ్చి జాబితాను కొత్తగా తయారుచేయడం, జరిగేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అప్పుడు ఇంటికొచ్చిన ఫారం నింపి, సంతకం పెట్టి తిరిగివ్వకపోతే ముసాయిదాలో పేరు రాదు. 2025 ఆగస్టు 1న బిహార్‌లో విడుదలైన ముసాయిదాలో దాదాపు 65 లక్షల పాత పేర్లు లేవు.

3. తేడా ఉంటే సరిచేయించుకోండి

పేరే లేకపోతే ఫారం 6. పేరు, వయసు, ఫొటో తప్పుంటే, ఇల్లు మారితే ఫారం 8. చనిపోయినవాళ్ల పేరు తీయించాలంటే ఫారం 7. ఆన్‌లైన్‌లో పెట్టాక వచ్చే రిఫరెన్స్ నంబరు దాచుకుని, దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో చూస్తూ ఉండండి.

ఇల్లు మారినవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. పాతది అలాగే ఉంచి, కొత్తచోట మళ్లీ ఫారం 6 పెట్టేస్తారు. సొంతూళ్లో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి. రెండు చోట్ల ఓటుండటం చట్టం ఒప్పుకోదు. తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఫారం 8 పెడితే ఓటు కొత్త చిరునామాకు మారుతుంది, పాతచోట ఉండదు. అయినా 2024లో లోక్‌సభకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మే 13నే పోలింగ్ జరిగింది. రెండు ఓట్లున్నవాళ్లు బావుకున్నదేమిటో నాకైతే అర్థం కాలేదు.

మీ ఓటు తీసేయమని వేరేవాళ్లు ఫారం 7 పెట్టే వీలూ ఉంది. 2019 ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో అవి లక్షల్లో వచ్చిపడ్డాయి. నోటీసు వస్తే పక్కన పడేయకండి, విచారణకు వెళ్లండి. నిర్ణయం మీకు వ్యతిరేకంగా వస్తే 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు.

విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం వదులుకోనివాళ్లకు ఫారం 6ఏ. పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామాతో పేరు చేరుతుంది. ఓటు మాత్రం స్వయంగా వచ్చి, అసలు పాస్‌పోర్టు చూపించే వేయాలి.

4. గడువు, మళ్లీ ఒకసారి

నామినేషన్ల చివరి రోజు దాటితే చట్ట ప్రకారం కొత్త పేరు చేరదు. దరఖాస్తు పరిశీలనకూ రోజులు పడతాయి కాబట్టి, నోటిఫికేషన్ వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. నామినేషన్ల ఘట్టం ముగిశాక తుది అనుబంధ జాబితా వస్తుంది. పేరు అప్పుడు మళ్లీ చూసుకోవాలి. నెల క్రితం కనిపించిన పేరు నెల క్రితం ఉన్నట్టే లెక్క.

పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలకు వార్డుల వారీ జాబితా వేరు. అసెంబ్లీ జాబితా నుంచే దాన్ని తయారుచేస్తారు కాబట్టి ఇక్కడ పోతే అక్కడా పోతుంది. పట్టభద్రుల ఎమ్మెల్సీ జాబితా మాత్రం ప్రతిసారీ మొదట్నుంచి రాస్తారు. పోయినసారి ఓటేసినా సరే, మళ్లీ ఫారం 18 ఇవ్వాల్సిందే.

జాబితాలో పేరుండి, మీరు వెళ్లేసరికి మీ ఓటు ఎవరో వేసేసి ఉంటే గొడవపడి తిరిగొచ్చేయకండి. ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి. మీరే ఆ ఓటరని తేల్చుకున్నాక యంత్రం మీద కాకుండా కాగితం బ్యాలెట్ ఇచ్చి, కవర్లో పెట్టి విడిగా దాస్తారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు గానీ, కేసు కోర్టుకెక్కితే మీరు వచ్చి ఓటేశారనడానికి అదే సాక్ష్యం.