పండగ భోజనాల బల్ల: తక్కువ ఖర్చులో అలంకరణ (నా అనుభవం)

బల్ల మధ్యలో పూలగుత్తి పెడితే ఎదుటివాళ్ల ముఖం కనిపించదు, గిన్నెలకు చోటుండదు. పక్కకు జరిపినా, చిన్న కుండీలో పెట్టినా, ప్లాస్టిక్ పూలు వాడినా కుదరలేదు.

పనిచేసింది వరస మార్చడం. ముందు ఖాళీ కంచాలు, గ్లాసులు, వడ్డించే గిన్నెలు వాటి చోట్లలో పెట్టేశాను. మధ్యలో మిగిలిన సన్నటి ఖాళీలో గోధుమరంగు ప్యాకింగ్ పేపర్ పొడవుగా పరిచి, కొసలు బల్ల కిందికి మడిచి టేపు వేశాను. దానిమీద ఖాళీ జామ్ సీసాలు. అదే గుత్తిని విడదీసి, కాడలు ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, సీసాకు రెండు మూడు పూలే పెట్టాను. కుర్చీలో కూర్చుని చూస్తూ ఎత్తు తగ్గించాను. దాదాపు 25 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. చిన్న కొవ్వొత్తులు మాత్రం గాజు గ్లాసుల్లోనే, కింద కాగితం కదా!

మాది పొడుగు బల్ల. గుండ్రటిదైతే పేపర్ వదిలేసి సీసాలన్నీ మధ్యలో గుంపుగా పెడితే సరిపోవచ్చు, నేను చేసి చూడలేదు.