లూమెన్, లక్స్, క్యాండెలా: వెలుతురు లెక్కలు ఇంట్లోనే కట్టుకోవడం

షాపులో "60 క్యాండిల్ బల్బు ఇవ్వండి" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ 60 నిజానికి వాట్లు. వాట్ అంటే బల్బు తీసుకునే కరెంటే గాని అది ఇచ్చే వెలుతురు కాదు. 60 వాట్ల పాత గుండు బల్బు 700 లూమెన్ల దాకా ఇచ్చేది. ఇప్పటి 9 వాట్ల ఎల్‌ఈడీ దాదాపు 900 ఇస్తుంది. అందుకని వాట్ల నుంచి లెక్క మొదలుపెట్టకండి, డబ్బా మీద లూమెన్లు, అంటే బల్బు ఇచ్చే మొత్తం వెలుతురు, ఎన్ని ఉన్నాయో చూడండి.

లూమెన్‌కీ లక్స్‌కీ తేడా పొలంలో నీళ్లలాంటిది. తూములోంచి వచ్చిన నీళ్లు లూమెన్లు, మడిలో నిలిచిన లోతు లక్స్. అవే నీళ్లు రెట్టింపు మడికి పారితే లోతు సగమవుతుంది. 1 చదరపు మీటరు మీద 1 లూమెన్ పడితే 1 లక్స్, 1 చదరపు అడుగు మీద పడితే 1 ఫుట్‌క్యాండిల్. చదరపు మీటరులో 10.764 చదరపు అడుగులుంటాయి కాబట్టి ఫుట్‌క్యాండిల్‌ని 10.764తో గుణిస్తే లక్స్ వస్తుంది. కోళ్ల షెడ్డు లైటింగ్ లాంటి పనులకు 10తో గుణించినా సరిపోతుంది, తేడా 7 శాతమే.

గది లెక్క చూద్దాం. మన ఇళ్లలో మామూలుగా ఉండే 10 x 12 అడుగుల గది 120 చదరపు అడుగులు, అంటే 11.15 చదరపు మీటర్లు. గదంతా సగటున 150 లక్స్ కావాలనుకుంటే 11.15 x 150 = 1,672 లూమెన్లు. చాలామంది ఇక్కడితో ఆగిపోయి ఒక ట్యూబ్‌లైట్ కొనేస్తారు, తీరా పెట్టాక చీకటిగా ఉందంటారు. దీపం నుంచి బయల్దేరిన వెలుతురంతా బల్ల ఎత్తుకు చేరదు. గోడలూ సీలింగూ కొంత తినేస్తాయి, దుమ్ము పట్టి దీపం పాతబడేకొద్దీ ఇంకొంత తగ్గుతుంది. లేత రంగు గోడలున్న గదిలో మొదటిదానికి 0.5, రెండోదానికి 0.8 వేసుకోండి. రెండూ గుణిస్తే 0.4. ఇప్పుడు 1,672 ÷ 0.4 = 4,180 లూమెన్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు సుమారు 2,000 లూమెన్లిస్తుంది కాబట్టి రెండు ట్యూబులు కావాలి. ఒక్కటే వేస్తే 72 లక్స్ దగ్గర ఆగిపోతుంది. ముదురు రంగు గోడలైతే 0.5 బదులు 0.3 వేసుకోండి.

ఇక క్యాండెలా. ఒక దిక్కుకు వెలుతురు ఎంత చిక్కగా వెళ్తోందో అది చెబుతుంది. స్పాట్‌లైట్లకూ టార్చిలకూ లూమెన్ల కన్నా ఇదే ముఖ్యం. డబ్బా మీద లూమెన్లూ, బీమ్ కోణమూ (వెలుతురు ఎన్ని డిగ్రీల మేర విచ్చుకుంటుందో ఆ అంకె) ఉంటే క్యాండెలా ఇలా వస్తుంది: కోణంలో సగం తీసుకుని దాని కొసైన్ చూడండి, 1 లోంచి తీసేయండి, మిగిలినదాన్ని 6.283తో గుణించండి. వచ్చిన అంకెతో లూమెన్లను భాగించండి. 36 డిగ్రీల స్పాట్‌లైట్ 500 లూమెన్లదైతే, 18 డిగ్రీల కొసైన్ 0.951, మిగిలేది 0.049, గుణిస్తే సుమారు 0.31. దాంతో 500ని భాగిస్తే దాదాపు 1,600 క్యాండెలాలు.

ఈ లెక్క రెండు చోట్ల చెడుతుంది. కోణాన్ని సగం చేయడం మరిచిపోయి 36 వేసేస్తే 417 వస్తుంది, అసలుదాంట్లో పావు వంతు. రెండోది క్యాల్క్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్ మోడ్‌లో (కోణానికి ఇంకో కొలత) ఉండిపోవడం. 36 డిగ్రీల బీమ్‌కి 0.31 బదులు 2.13 కనిపిస్తే తప్పు అదే. 120 డిగ్రీల బల్బుకైతే ఇవేమీ అక్కర్లేదు, లూమెన్లను 3.14తో భాగిస్తే చాలు. అన్ని దిక్కులకూ సమానంగా వెలిగేదానికి 12.57తో భాగించాలి.

క్యాండెలా నుంచి లక్స్‌కి రావాలంటే దూరం వర్గంతో భాగించాలి. ఆ స్పాట్‌లైట్ 2 మీటర్ల దూరంలో 1,600 ÷ 4 = 400 లక్స్ ఇస్తుంది. దూరం అడుగుల్లో వేస్తే వచ్చే జవాబు లక్స్ కాదు, ఫుట్‌క్యాండిల్. ఇంకో షరతు: దూరం దీపం సైజుకు కనీసం 5 రెట్లుండాలి. నాలుగడుగుల ట్యూబుకి అది 20 అడుగులవుతుంది, అందుకే గదిలో ట్యూబులకు ఈ సూత్రం వాడకూడదు.

పిల్లల చదువు బల్ల దగ్గర మాత్రం ఇది బాగా పనికొస్తుంది. పుస్తకం మీద 300 లక్స్ కావాలి, టేబుల్ ల్యాంప్ 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. 300 x 0.45 x 0.45 = 61 క్యాండెలాలు. 120 డిగ్రీల దీపమైతే 3.14తో గుణించండి, 191 లూమెన్లు. అయితే ఇది సరిగ్గా దీపం కిందకు మాత్రమే. అక్కడినుంచి 30 సెంటీమీటర్లు పక్కకు జరిగితే వెలుతురు సగానికి పడిపోతుంది. నోటుబుక్కంతా 300 ఉండాలంటే 400 లూమెన్లు తీసుకోండి. గదంతా 300 లక్స్ చేయాలంటే నాలుగు ట్యూబులు కావాల్సిన చోట 4, 5 వాట్ల దీపం సరిపోతోందంటే, అది దగ్గరగా ఉండబట్టే.

కొలిచి చూసుకోవాలంటే లక్స్ మీటరు తెల్లటి బుడిపె పైకి ఉండేలా బల్ల మీద పెట్టండి. దీపం వేసి 15 నిమిషాలు ఆగండి, మీ నీడ పడకుండా పక్కకు జరిగి రీడింగు చూడండి. తర్వాత ఆ దీపం ఆర్పి మళ్లీ చూసి, ఆ అంకెను మొదటి రీడింగులోంచి తీసేయండి. మీటర్లో లక్స్, ఫుట్‌క్యాండిల్ మార్చే బటన్ ఉంటుంది. మంచి వెలుతురులో కూడా 28 అని చూపిస్తే మీటరు పాడయిందనుకోకండి, ఫుట్‌క్యాండిల్‌లో ఉండి ఉంటుంది, అంటే 300 లక్స్. ఫోన్ యాప్‌లు రెండు చోట్ల వెలుతురును పోల్చుకోవడానికి పర్లేదు గాని, అంకెను నమ్మడానికి పనికిరావు.

ఫోన్, టీవీల మీద రాసే నిట్ అంటే చదరపు మీటరుకు 1 క్యాండెలా. 300 లక్స్ కింద తెల్ల కాగితం ఎంత నిట్లు ఉంటుందంటే, కాగితం 80 శాతం వెలుతురు తిప్పి పంపుతుంది కాబట్టి 300 x 0.8 ÷ 3.14 = 76. రాత్రిపూట స్క్రీన్‌ని పక్కనున్న తెల్ల కాగితమంత వెలుగుకు తగ్గించుకుంటే కళ్లకు హాయి.

మిద్దె తోటల వాళ్లకు లక్స్ చాలదు, మొక్కకు కావాల్సింది మైక్రోమోల్ లెక్క, అంటే చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని కాంతి కణాలు పడుతున్నాయన్నది. ఎండలో కొలిచిన లక్స్‌ని 54తో భాగిస్తే అది వస్తుంది: లక్ష లక్స్ నడినెత్తి ఎండ అంటే సుమారు 1,850 మైక్రోమోల్స్. తెల్ల ఎల్‌ఈడీకి 65, 70 మధ్య అంకె వేసుకోవచ్చు. వంగపండు రంగులో వెలిగే గ్రో లైట్లకు మాత్రం లక్స్ మీటరు వాడొద్దు. లక్స్ మనిషి కంటిని బట్టి కట్టిన లెక్క, పచ్చ రంగును ఎక్కువ చేసి చూస్తుంది. మొక్క బాగా వాడుకునే ఎరుపు, నీలం ఆ మీటరులో చాలా తక్కువగా పడతాయి.