ఇంజన్ లైటు వెలిగిందా? ముందు కోడ్ రాసుకోండి, చెరిపే మాట తర్వాత

పోయిన వారం మా మిత్రుడి కారు హైవే మీద ఒక లారీని దాటుతుండగా ఉన్నట్టుండి పికప్ పడిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి వేగం అందుకోలేదు. వెనకే వస్తున్న వ్యాను బ్రేకు వేసి కూడా ఆగలేక వచ్చి గుద్దింది. ప్రాణాలు దక్కాయి గానీ వాళ్లావిడ భుజం ఎముక విరిగింది. షెడ్డులో విప్పి చూస్తే సైలెన్సర్ దారిలో ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపలి జల్లెడ కరిగి ముద్దయిపోయింది. పొగ బయటికి పోయే దారి మూసుకుపోయి ఇంజన్‌కు ఊపిరాడలేదు. దీనంతటికీ మొదలు ఒకే ఒక్క సిలిండర్ మీది ఇగ్నిషన్ కాయిల్, అంటే పెట్రోలును మండించే నిప్పురవ్వకు కరెంటు ఇచ్చే పార్టు. ఆ సంగతి కారు నెల రోజుల నుంచి చెబుతూనే ఉంది. ఇంజన్ లైటు మూడుసార్లు వెలిగింది. మూడుసార్లూ అతను ఫోన్‌లో యాప్ తెరిచి చెరిపేశాడు. ఏ కోడ్ వచ్చిందో, అంటే లోపం ఏమిటో చెప్పడానికి కారు కంప్యూటర్ ఇచ్చే గుర్తు ఏమిటో, ఒక్కసారి కూడా రాసి పెట్టుకోలేదు.

దూర ప్రయాణం పెట్టుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆయిల్, టైర్లు చూసుకోమని నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ఆ చెరిపేయడం గురించే. మంచి మంచి బండ్లు దీనివల్లే పాడవడం చూశాను.

చెరిపితే పోయేది లైటు ఒక్కటే కాదు. లోపం దొరికిన క్షణంలో ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, బండి ఎంత వేగంలో ఉంది, కూలెంట్ ఎంత వేడి మీద ఉంది, ఇంజన్ మీద లోడ్ ఎంత అన్నది కంప్యూటర్ ఒక ఫొటోలా దాచుకుంటుంది. కోడ్‌లు చదివే స్కానర్‌లో దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. అదీ పోతుంది. ఇంకా లైటు దాకా రాని పెండింగ్ కోడ్‌లు కూడా పోతాయి. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోలు ఆవిరి లీకులు వంటి వాటిని కారు తనంతట తాను పరీక్షించుకుంటూ ఉంటుంది. చెరపగానే ఆ పరీక్షలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. కొన్ని పూర్తవడానికి రోజులు పడుతుంది, ఎందుకంటే చల్లటి ఇంజన్‌తో మొదలవడం, కొంతసేపు నిలకడైన వేగం వంటివన్నీ కుదరాలి. అప్పటిదాకా లైటు ఆరి ఉంటే బండి బాగున్నట్టు కాదు. ఇంకా పరీక్ష జరగనట్టు. బ్యాటరీ టెర్మినల్ పీకి పెట్టినా ఇదే జరుగుతుంది, కాబట్టి ఆ ఉపాయం ఎవరు చెప్పినా వినకండి.

నిలకడగా వెలగడం, మిణుకుమనడం

పసుపు లైటు నిలకడగా వెలుగుతూ, బండి నడకలో తేడా లేకపోతే, నెమ్మదిగా వెళ్లి కోడ్ చదివించుకునేంత సమయం మామూలుగా ఉంటుంది. అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే సమయం లేదు. ఏదో సిలిండర్‌లో మిస్సింగ్ వస్తోందని, అంటే పెట్రోలు సరిగా మండడం లేదని, అది కన్వర్టర్‌ను కాల్చేసే స్థాయికి చేరిందని దాని అర్థం. మండని పెట్రోలు సైలెన్సర్‌లోకి వెళ్లి కన్వర్టర్‌లో మండుతుంది. లోపలి పింగాణీ జల్లెడ ఆ వేడికి కరిగిపోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించండి. పక్కకు తీసి ఇంజన్ ఆపండి. ఎండుగడ్డి మీద మాత్రం ఆపకండి, కింద ఆ కన్వర్టర్ నిప్పు అంటించేంత వేడిగా ఉంటుంది. అక్కణ్నుంచి బండిని లాగించుకు వెళ్లడమే. మా మిత్రుడి బండిలో గుద్దుకోవడానికి ముందు అరగంట సేపు ఆ లైటు మిణుకుమంటూనే ఉందట. ఊరు చేరాక చూద్దామనుకున్నాడు.

ఎర్ర ఆయిల్ లైటు వేరే సంగతి. అది వెలిగితే వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపండి.

కోడ్ చదవడం

స్కానర్ పెట్టే 16 పిన్నుల సాకెట్ మామూలుగా స్టీరింగ్ కింద, మోకాళ్లకు దగ్గర్లో ఉంటుంది. తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా చదవండి. కోడ్ మొత్తం అంకెలతో సహా కాగితం మీద రాయండి. పెండింగ్‌వి విడిగా రాయండి. ఫ్రీజ్ ఫ్రేమ్ పేజీని ఫొటో తీయండి. స్కానర్‌లో చదివే బటన్ పక్కనే చెరిపే బటన్ కూడా ఉంటుంది. తొందరలో వేలు దాని మీదికి పోతుంది. రాయకముందు దాన్ని నొక్కకండి.

బ్యాటరీ కూడా చూడండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టుల పైన, నడుస్తున్నప్పుడు చాలా బండ్లలో 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. బ్యాటరీ దిగిపోయి ఉంటే సంబంధం లేని కోడ్‌లు ఐదారు ఒకేసారి వచ్చి మనిషిని టెన్షన్ పెడతాయి.

కోడ్ అంటే పార్టు పేరు కాదు

పీ0171 వస్తే చాలామంది ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. ఆ సెన్సర్ చేసిన తప్పేమీ లేదు. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని అది కబురు చెప్పింది, అంతే. పగిలిన రబ్బరు పైపులోంచి గాలి దూరుతుండొచ్చు, ఫ్యూయల్ పంపు బలహీనపడి ఉండొచ్చు, గాలిని కొలిచే సెన్సర్‌కు దుమ్ము పట్టి ఉండొచ్చు. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, అంటే గాలికి సరిపడేలా కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచిందో తగ్గించిందో చూపించే అంకె. బండి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు అది ఎక్కువగా ఉండి, రేస్ ఇచ్చాక తగ్గితే గాలి లీకును అనుమానించండి. లోడ్ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంటే పెట్రోలు సరిగా అందడం లేదేమో చూడండి.

పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్. ప్రతి సిలిండర్‌కూ విడిగా కాయిల్ ఉన్న బండి అయితే, ఇంజన్ చల్లారాక దాని కాయిల్ తీసి రెండో సిలిండర్‌కు, రెండోది దీనికి మార్చండి. ఇప్పుడు చెరపండి. అన్నీ రాసుకుని, ఒక మార్పు చేసి, ఫలితం చూడటానికి చెరపడం సరైన పని. కాసేపు నడిపాక కోడ్ పీ0302 అయిందంటే దొంగ ఆ కాయిలే. కదలకుండా పీ0301 గానే ఉంటే ప్లగ్, ఇంజెక్టర్, వైరింగ్, కంప్రెషన్ వరుసగా చూడాలి. మా మిత్రుడి బండిలో ఈ పరీక్ష మొదటిసారి లైటు వెలిగిన రోజే చేసి ఉంటే ఒక్క కాయిల్‌తో పోయేది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

పీ0420 అంటే కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదన్న కోడ్. అది చూసి వెంటనే కన్వర్టర్ కొనకండి. ముందు మిస్సింగ్ ఉందేమో, సైలెన్సర్ పైపు ఎక్కడైనా లీకవుతోందేమో తేల్చండి. మిస్సింగ్ ఆపకుండా కొత్తది బిగిస్తే అదీ కాలిపోతుంది.

పీ0128, అంటే కూలెంట్ తగినంత వేడెక్కడం లేదన్న కోడ్ వస్తే కూలెంట్ మట్టం, థర్మోస్టాట్ చూడండి.

పీ0455, అంటే పెట్రోలు ఆవిరి పెద్దగా లీకవుతోందన్న కోడ్ వస్తే ముందు పెట్రోలు ట్యాంకు మూత చూసి గట్టిగా బిగించండి. లైటు వెంటనే ఆరదు. కొన్ని ట్రిప్పుల తర్వాత దానంతటదే ఆరుతుంది. ఆగండి. చెరపకండి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలోనే రాస్తున్నాను:

- తాళం ఆన్ చేయగానే ఇంజన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలే వెలగకపోతే బల్బు పోయిందో, ఎవరైనా కావాలని తీసేశారో కనుక్కోండి. పాత కారు కొనేవాళ్లు దీన్ని తప్పకుండా చూడండి.
- పాత కారుకు స్కానర్ పెట్టి కోడ్‌లు లేవని సంతోషించకండి. పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపించే రెడీనెస్ పేజీ తెరవండి. చాలా పరీక్షలు పూర్తి కాలేదని ఉంటే, ఈమధ్యే చెరిపి ఉండొచ్చు లేదా బ్యాటరీ తీసి ఉండొచ్చు. కారణం తేలేదాకా కొనకండి.
- తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. స్పృహ తప్పేదాకా తెలియకపోవచ్చు.
- ఇంజన్ నడుస్తుండగా ప్లగ్ వైర్లు, కాయిల్స్ పీకి చూడకండి. షాక్ కొడుతుంది, పీకిన సిలిండర్‌లోని పెట్రోలంతా కన్వర్టర్‌లోకి పోతుంది.
- వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తిప్పకండి.
- ఇంజన్ ఆపాక కూడా ఫ్యాను తనంతట తాను తిరగొచ్చు. చేతులు, చున్నీ, వదులు చొక్కా దూరంగా ఉంచండి.
- నడుస్తున్న బండికి బ్యాటరీ తీయకండి.
- బండి నడుపుతూ ఫోన్‌లో రీడింగులు చూడకండి. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి.
- పని అయ్యాక స్కానర్ ముక్కను సాకెట్‌లో వదిలేయకండి. బ్యాటరీ తాగుతుంది, కాలు తగిలి పెడల్ దగ్గర పడుతుంది.
- మెకానిక్‌కు బండి ఇచ్చేటప్పుడు మీరు రాసుకున్న కాగితం కూడా ఇవ్వండి. నాకు చూపించకుండా చెరపొద్దని నోరు తెరిచి చెప్పండి.
- ఏ పరీక్షతో తేలిందో చెప్పకుండా పార్టు మారుస్తానంటే ఒప్పుకోకండి.
- రిపేరు అయ్యాక ఒక్కసారి చెరపండి. నాలుగు రోజులు దగ్గరి దూరాలు తిప్పండి. పరీక్షలన్నీ పూర్తయి, పెండింగ్‌లో ఏమీ లేకపోతేనే దూరం బయల్దేరండి.
- ఆ నాలుగు రోజులు లేవా, ప్రయాణం వాయిదా వేయండి. లేదా ఇంకో బండిలో వెళ్లండి.
- బయల్దేరే రోజు పొద్దున లైటు వెలిగితే కోడ్ చదవకుండా కదలకండి. చెరిపి మాత్రం అసలు కదలకండి. మా మిత్రుడు మూడోసారి చెరిపింది ఆ పొద్దునే, పిల్లలు సంచులు డిక్కీలో పెడుతుండగా.